గోడ పత్రికలో వార్త ఎక్కడ?

బడి పత్రిక అనగానే గుర్తొచ్చేది ఏడాదికోసారి వచ్చే సంచిక. హెడ్మాస్టరు సందేశం, వార్షికోత్సవం ఫొటోలు, పిల్లల కవితలు ఉంటాయి. వార్త మాత్రం ఉండదు. ఈ లోటు ఈనాటిది కాదు.

నిజాం రాజ్యంలో పత్రిక పెట్టడం పెద్దలకే గగనం. 1922లో ‘తెనుగు’, ‘నీలగిరి’, 1926 మేలో సురవరం ప్రతాపరెడ్డి ‘గోలకొండ’ వెలువడ్డాయి. అచ్చు అందని తెలుగు విద్యార్థులకు దిక్కు లిఖిత పత్రికే. ఉన్న ఒక్క ప్రతీ చేతులు మారుతూ నలిగేది. ఆ తర్వాత డ్రాయింగు షీటు మీద గోడ పత్రిక వచ్చింది. రెండింట్లోనూ కథలదీ కవితలదీ పైచేయి. 1945లో న్యాయపతి రాఘవరావు మద్రాసు నుంచి తెచ్చిన పిల్లల పత్రిక ‘బాల’ దారీ అదే.

‘గోలకొండ’ పుట్టిన ఏడాదే, అక్టోబరులో, వార్సాలో పిల్లల వైద్యుడు, రచయిత యానుష్ కోర్చాక్ ‘చిన్న సమీక్ష’ పేరుతో పిల్లలే విలేకరులుగా వారపత్రిక మొదలుపెట్టాడు. రాయడం రానివాళ్లు వచ్చి నోటితో చెప్పినా చాలన్నాడు. యుద్ధం మొదలైన 1939 సెప్టెంబరు 1 దాకా అది నడిచింది. పిల్లల మాటకు అంతటి గౌరవం మన బడుల్లో ఇప్పటికీ అరుదే.

ఉస్మానియాలో జర్నలిజం శాఖ 1954లోనే వచ్చినా ఆ చదువు బడి దాకా దిగడానికి దశాబ్దాలు పట్టింది. కేంద్రీయ విద్యాలయాల్లో ఇంటర్ స్థాయిలో హిందీ చదివే పిల్లలకు ‘అభివ్యక్తి ఔర్ మాధ్యమ్’ అనే పాఠ్యపుస్తకం వార్త రాసే తీరు నేర్పుతుంది. తెలంగాణ వచ్చాక పదో తరగతి తెలుగు వాచకంలో ‘లక్ష్యసిద్ధి’ అనే సంపాదకీయమే పాఠమైంది. పాఠం సరే, పరీక్షలో మార్కులూ సరే, గేటు దాటి వార్త తెచ్చే పని మిగిలే ఉంది.

హైదరాబాద్ పాతబస్తీలోని చాంద్రాయణగుట్టలో ఆ పనికి కరువు లేదు. 2020 అక్టోబరులో గుర్రం చెరువు కట్ట తెగి పక్కనున్న హాఫిజ్‌బాబానగర్ వీధులు మునిగాయి. నీళ్లు గోడ మీద ఎంతవరకు వచ్చాయి? ముందుగా ఎవరైనా హెచ్చరించారా? వాన నీరు పోయే దారిలో ఇళ్లెప్పుడు లేచాయి? చెప్పేవాళ్లు ఉర్దూలో చెబుతారు, పిల్లలు తెలుగులోనూ రాస్తారు. రెండు భాషల్లో ఒకే షీటు గోడకెక్కితే వీధి మొత్తం చదువుతుంది. మొదటి ప్రశ్నకు జవాబు ఇంట్లో నానమ్మే చెబుతుంది. మిగతావాటికి మున్సిపల్ ఆఫీసు మెట్లెక్కాలి, టీచరు తోడు వెళ్లాలి, హెడ్మాస్టరు లేఖ రాసివ్వాలి.