రంగూన్ రేవు, 1930: కొట్లాట ఎవరిది?

1930 మే నెలాఖరున రంగూన్‌లో పారిన నెత్తురును బర్మీయులకూ తెలుగువాళ్లకూ మధ్య జాతి వైరమని చెప్పి ముగించడం అలవాటు. వైరం లేదని కాదు. అంతకుముందు మూడు వారాలు పనిచ్చేవాళ్లు ఏం చేశారో చూస్తే మాత్రం కథ మారుతుంది. ఆ రేవులో బియ్యం బస్తాలు మోసేవాళ్లలో ఎక్కువమంది తెలుగువాళ్లే. కాకినాడ, విశాఖల్లో డెక్కు టికెట్టుతో ఓడెక్కినవాళ్లు. టికెట్టు డబ్బు కూలీలను పోగుచేసే మేస్త్రి పెట్టేవాడు, బాకీ తీరేదాకా కూలీ అతని చేతిలో మనిషి. సరుకు ఎత్తించే కంపెనీ కూలి డబ్బు మేస్త్రికి ఇస్తే, మేస్త్రి తన వాటా పట్టుకుని మిగిలింది పంచేవాడు. మే 5న గాంధీజీని అరెస్టు చేశారు. ఆ వెంటనే కూలీలు పని మానేసి, కూలి పెంచమన్నారు. కంపెనీలు పని దొరకని బర్మీయులను పిలిచి బస్తాలెత్తించాయి. కొత్తవాళ్ల చేతిలో పని సాగలేదు. ఓడ ఆగిన ప్రతి రోజూ నష్టమే. చివరికి పాతవాళ్లకు కొద్దిగా పెంచి రాజీపడ్డాయి. మే 26 పొద్దున ఎప్పటిలాగే పనికొచ్చిన బర్మీయులకు ఇక తమతో అవసరం లేదని రేవులోనే తెలిసింది. పాతవాళ్లు నవ్వారు, చేతులు లేచాయి. అధికార లెక్కలోనే 100 మందికి పైగా పోయారు, ఎక్కువమంది మనవాళ్లే.

భూములు అప్పులిచ్చే చెట్టియార్ల చేతికి పోతుండగా, పట్నంలో పనులు పరాయివాళ్లవై బర్మీయులు అప్పటికే రగిలిపోతున్నారు, ఏదో ఒక రోజు ఇది జరిగేదేనని అనవచ్చు. ఆ కోపం, మంట ఊరంతా ఎందుకు పాకిందో చెబుతుంది. అంటుకున్నది రేవులోనే, ఆ పొద్దునే ఎందుకో చెప్పదు. వ్యాపారి నష్టం చూసుకోవడం తప్పా అని మరో ప్రశ్న. తప్పు కాదు. కానీ ముందురోజే కబురు చేసినా, పనిలో కొంత వాటా ఇచ్చినా సరిపోయేది. అది కుదరని పనేమీ కాదు: ఇంతమంది చచ్చాక బర్మీయులకు రేవు పనిలో వాటా పెట్టారు కదా! ఒకరి సమ్మెను ఇంకొకరి ఆకలితో విరగ్గొట్టబోయి, అది సాగక ఆ రెండోవాళ్లను గెంటేశారు. బేరం ఖర్చు రెండు వైపులా కూలీ మీదే పడింది.

వెనక్కి వచ్చేద్దామన్నా ఇక్కడ ఏముంది? ప్రపంచ ఆర్థిక మాంద్యం ముదిరేకొద్దీ కృష్ణా డెల్టాలో వడ్ల ధర సగానికి పడిపోయింది. శిస్తు మాత్రం నూటికి 18¾ పెంచాలని సర్కారు కూర్చుంది, రూపాయికి మూడణాలన్నమాట. అవతల మనవాళ్లు ఓడకెత్తిన బర్మా బియ్యమే మద్రాసు రాష్ట్రంలో దిగి ఇవతలి వడ్లతో పోటీపడేది. చేతిలో రూకలాడని రైతు కూలిలో కోత పెడితే మైలవరం మెట్టలాంటి చోట్ల నుంచి డెల్టా కోతలకు దిగేవాళ్లకు అడిగే దిక్కుండేది కాదు. అందుకే కొట్లాట తర్వాత కూడా రంగూన్‌కు ఓడలు ఆగలేదు. 1937లో బర్మాను బ్రిటిష్ ఇండియా నుంచి విడదీశారు, 1938లో మళ్లీ అల్లర్లు జరిగాయి, 1942లో జపాను సైన్యం వచ్చినప్పుడు లక్షలమంది అడవుల గుండా నడిచి భారతదేశం చేరారు.