కొండని తొలిచిన గుడి

ఇలా దగ్గరికి జరగండర్రా, భోగి మంట బాగా రాజుకుంది. ఎల్లుండి కనుమకి శంకరం వెళ్తామని పొద్దుటినుంచి ఒకటే గోల చేస్తున్నారు, వెళ్దురుగాని. ముందు ఆ కొండ సంగతేటో వినండి. వినకుండా వెళ్తే మీకక్కడ రాళ్ళూ గుహలూ తప్ప ఇంకేటీ కనపడవు.

శంకరం ఊరు మన అనకాపల్లికి మూడు కిలోమీటర్లుంటుందేమో. అక్కడ రెండు కొండలు. తూర్పుది బొజ్జన్నకొండ, పడమటిది లింగాలకొండ. బొజ్జన్నకొండ మెట్లెక్కితే పెద్ద గుహ వస్తుంది. బయట గోడకి బుద్ధుడి బొమ్మలు, గుమ్మానికి ఇటొకడు అటొకడు ద్వారపాలకులు. లోపల పెద్ద గది, 16 స్తంభాలు, నడిమధ్యన అరుగు మీద స్తూపం. స్తంభాల్లో నాలుగు విరిగిపోయాయి.

ఆ స్తంభాలు ఎక్కడినుంచి మోసుకొచ్చారు తాతా అని అడుగుతారు. ఎక్కడినుంచీ తేలేదు. స్తంభం, అరుగు, స్తూపం, కప్పు, అన్నీ ఆ కొండే. అక్కర్లేని రాయి తీసేశారు, కావలసింది ఉంచేశారు. స్తూపం నెత్తిన ఉండాల్సిన గొడుగుని కూడా పైకప్పు రాతిలోనే చెక్కారు. మనం ఇల్లు కట్టాలంటే పునాదినుంచి పైకి లేపుతాం. గుహ తొలిచేవాళ్ళు కప్పు దగ్గర మొదలెట్టి నేలకి దిగుతారు. ఎక్కడ స్తంభం నిలబడాలో, ఎక్కడ స్తూపం గుండ్రంగా తిరగాలో ముందే మనసులో ఉండాలి. ఒక్క ఉలిదెబ్బ లోతుగా పడితే ఇంకో రాయి తెచ్చి అతికించడానికి లేదు. నేనెన్ని గుళ్ళు చూసినా అంత ధైర్యమైన పని ఇంకోటి చూళ్ళేదు. ఆ శిల్పుల పేరు ఒక్కటీ మనకి దక్కలేదే అని బాధగా ఉంటుంది.

కొండ నెత్తిన మహాస్తూపం ఉంది. దాని అడుగు రాయి, పైన కట్టింది ఇటుక. బౌద్ధ భిక్షువులుండే గదులూ ఇటుకవే. వాటికి గోడల అడుగులు మిగిలాయి, అంతే. తొలిచింది నిలబడింది, కట్టింది కూలింది.

1907 ప్రాంతంలో అలెగ్జాండర్ రే అనే దొర తవ్వించేదాకా ఇందులో చాలా భాగం మట్టి కింద, తుప్పల్లో ఉండేది. తవ్వకాల్లో కుండలు, మట్టి ముద్రలు, నాణేలు దొరికాయి. మగధనేలిన సముద్రగుప్తుడి బంగారు నాణెం ఒకటి! ఎక్కడి మగధ, ఎక్కడి శంకరం? ఆయన దక్షిణాదికి దండెత్తి ఓడించినవాళ్ళలో దేవరాష్ట్రం రాజు కుబేరుడని అలహాబాదు స్తంభం మీద రాసుంది. ఆ దేవరాష్ట్రం మన ఎలమంచిలి వైపేనని చరిత్రకారుల మాట. మరి ఆ నాణెం ఆ దండుతో వచ్చిందో, వర్తకుడి మూటలో వచ్చిందో. నాకైతే వర్తకుడే అనిపిస్తుంది.

ఇంకో సంగతి. కనుమనాడు ఆ కొండమీద పొట్టలా ఉన్న రూపాన్ని రాక్షసుడనుకుని రాళ్ళతో కొట్టడం మనవాళ్ళకి ఆనవాయితీగా ఉండేది. ఉలికి లొంగి వందల ఏళ్ళు నిలబడ్డ రాయి, తీర్థం రోజున మనుషుల చేతుల్లో దెబ్బలు తింది. పురావస్తు శాఖవాళ్ళు, ఇంటాక్ అనే సంస్థవాళ్ళు జనానికి నచ్చజెప్పి మాన్పించారు. మంచి పని చేశారు. మీ చేతిలో చెరుకుముక్క ఉండొచ్చుగాని రాయి ఉండకూడదు.

అందరూ బొజ్జన్నకొండ చూసి దిగిపోతారు. మీరలా చెయ్యకండి, లింగాలకొండ కూడా ఎక్కండి. కుండలు బోర్లించినట్టు ఎన్ని స్తూపాలో, చిన్నవీ పెద్దవీ, వరసలు వరసలు, అన్నీ కొండరాతిలోంచే. శివలింగాలనుకుని జనం ఆ పేరు పెట్టారు. భక్తులు మొక్కుగా చేయించినవి అవి. వాటి మీదకెక్కి ఫోటోలు దిగొద్దు, పక్కన నిలబడి దిగండి. ఎండెక్కకముందే బయల్దేరండి, మంచినీళ్ళు పట్టుకెళ్ళండి.