జడమా, ఉత్కృష్టమా?

మా కరీంనగర్ వెండి ఫిలిగ్రీ పనికి పేరు. సన్నటి తీగను మెలిపెట్టి పూలు, ఆకులు, అత్తరు సీసాలు చేస్తరు. బంగారంలాగే వెండిని కూడా రసాయనశాస్త్రం ఉత్కృష్ట లోహమంటుంది. అయినా బీరువాలో పెట్టిన ఆ వెండి కొన్నేళ్లకు నల్లబడుతుంది. ఆక్సిజన్ దాన్ని మామూలుగా ఏమీ చెయ్యలేదు, గంధకం మాత్రం వదలదు. ఉత్కృష్టమంటే ఎవరితోనూ కలవదని కాదు, సులువుగా కలవదని. ఈ తేడాను మరిచి రసాయనశాస్త్రం కొన్ని దశాబ్దాలు పోగొట్టుకున్నది.

కథ మొదలైంది మన నేల మీదనే. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. గుంటూరులో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్, మచిలీపట్నంలో మద్రాసు అబ్జర్వేటరీ నుంచి వచ్చిన పోగ్సన్, నిజాం రాజ్యంలోని వనపర్తిలో చింతామణి రఘునాథాచారి దుర్భిణీలతో సిద్ధంగా ఉన్నరు. హీలియం గుంటూరులోనే దొరికిందని మనం గొప్పగా చెప్పుకుంటం. నిజానికి సూర్యుడి అంచున లేచిన జ్వాలల కాంతిలో ఒక పసుపు గీత కనిపించింది, దాన్ని సోడియం గీత అనుకున్నవాళ్లే ఎక్కువ. అది సోడియం చోటులో లేదని ఆ అక్టోబర్‌లో ఇంగ్లండులో లాకియర్ తేల్చాడు. భూమ్మీద హీలియం రామ్సే చేతికి చిక్కింది 1895లో.

ఆర్గాన్ సంగతి ఇంకా చిత్రం. మనం పీల్చే గాలిలో దాదాపు నూటికి ఒక వంతు అదే. 1894 దాకా ఎవరూ గుర్తుపట్టలేదు. రంగు, వాసన లేవు, దేనితోనూ కలవదు. ఫ్లోరిన్‌ను వేరుచేసిన మొయిసాన్ అంతటివాడు దాన్ని ఫ్లోరిన్‌తో కలపబోయి ఓడిపోయాడు.

ఎందుకు కలవవు? అణువులు కలవడమంటే ఎలక్ట్రాన్ల ఇచ్చిపుచ్చుకోవడం, పంచుకోవడం. ఈ వాయువుల బయటి కక్ష్య నిండుకుండ: హీలియంకు 2, మిగతావాటికి 8. ఉన్నది ఇవ్వాలంటే శక్తి చాలా కావాలి, కొత్తది తీసుకోవడానికి చోటు లేదు. 1916లో కోసెల్, లూయిస్ చెప్పిన ఈ లెక్క ఎంత చక్కగా కుదిరిందంటే, చాలామంది దాన్ని దాటరాని గీత అనుకున్నరు. పెద్ద అణువులు కలవవచ్చని 1933లో పౌలింగ్ అన్నడు. ఒక ప్రయత్నం జరిగింది, ఫలించలేదు. ఇక ఆశ సన్నగిల్లింది.

1962లో కెనడాలో నీల్ బార్ట్‌లెట్ ప్లాటినం హెక్సాఫ్లోరైడ్ ఆక్సిజన్ నుంచే ఎలక్ట్రాన్ లాగడం గమనించాడు. జినాన్ నుంచి లాగడానికీ దాదాపు అంతే శక్తి చాలు. జినాన్ పెద్దది, దాని బయటి ఎలక్ట్రాన్లు కేంద్రకానికి దూరం, పట్టు తక్కువ. రెండు వాయువులను కలిపాడు. ముదురెరుపు ఆవిరి, రంగులేని జినాన్ కలిసి నారింజ పసుపు ఘనపదార్థమైంది.

తెలుగు పాఠాల్లో వీటికి రెండు పేర్లు: జడ వాయువులు, ఉత్కృష్ట వాయువులు. మొదటిది తీర్పు, రెండోది పోలిక. ఒకరిని జడమని రాసుకున్నంక మళ్లీ పలకరించాలనిపించదు. పిల్లలకు మాత్రం రెండో పేరే చెప్పుదం.