మాల్ట్ నిల్వ

మాల్ట్ అంటే నానబెట్టి మొలకెత్తించి, వేడిగాలితో ఆరబెట్టిన ధాన్యం, ముఖ్యంగా బార్లీ. తెలుగువారు రాగి మాల్ట్ అని పిలుచుకునే జావను మొలకెత్తించని రాగుల పిండితోనూ కాస్తారు గనుక ఆ పేరును బట్టి దీన్ని పొరబడరాదు. బ్రిటన్‌లో 1963లో లైసెన్సు నిబంధన తొలగినప్పటి నుంచి ఇళ్లలో స్వేచ్ఛగా బీరు కాచుకునేవారిలో పలువురు మాల్టును 25 కిలోల బస్తాల్లో కొని నెలల తరబడి దాచుకుంటారు. ఆరిన మాల్టులో తేమ సుమారు 4, 5 శాతమే ఉంటుంది. అది గాలిలోని చెమ్మను పీల్చుకుంటే గింజ మెత్తబడి, పరిమళం తగ్గి, పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చే ఎంజైములు క్షీణిస్తాయి. మరపట్టని గింజ గాలి చొరని డబ్బాలో, చల్లని పొడిచోట ఏడాదికి పైగా నిలుస్తుంది గాని, మరపట్టినది అంతకంటే చాలా ముందే చప్పబడుతుంది. పాత మాల్టును పరీక్షించడానికి నోటిని మించిన పరికరం లేదు: కొరికితే పటుక్కున విరిగి తియ్యగా తగలాలి, సాగినట్టుంటే చెమ్మ పట్టినట్టే. బలం తగ్గినదానికి కొంత కొత్త మాల్టు కలిపి, సుమారు 65 డిగ్రీల వేడినీటిలో మరికొంత సేపు నాననిచ్చి, ఆ ద్రవపు చుక్కపై అయోడిన్ వేసి చూస్తారు. ముదురు నీలిరంగు తేలితే పిండి ఇంకా మిగిలివున్నట్టు లెక్క. ముక్కుపురుగు కొద్దిగా పట్టిన గింజలను కొందరు ఫ్రీజరులో ఉంచి, జల్లించి వాడతారు. బూజు పట్టిన మాల్టును మాత్రం పారవేయవలసిందే.