నాలుగు గంటల మంచం

ఉదయం ఆరు కాకముందే శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని ఈ డయాలసిస్ కేంద్రం ముందు ఆటోలు ఆగుతున్నాయి. కవిటి వైపు నుంచి ఒకటి, కంచిలి నుంచి ఒకటి, సముద్రపొడ్డు ఊళ్ల నుంచి ఇంకొకటి. దిగేవాళ్లు మెల్లగా దిగుతున్నారు. చేతిలో సంచి, సంచిలో దుప్పటి, ఇడ్లీ పొట్లం, రిపోర్టుల ఫైలు. చెప్పులు గుమ్మం దగ్గర విడిచి అందరూ నేరుగా వెళ్లేది తూకం మిషన్ దగ్గరికే.

"ఎంత పెరిగినావు పిన్నీ?" టెక్నీషియన్ కుర్రాడు అడుగుతాడు.

"రెండున్నర."

"నీలు ఎక్కువ తాగీసినావు."

"ఎండలు బాబూ. గొంతు పిడస కట్టీసింది. ఏటి సెయ్యమంటావు?"

రెండున్నర అంటే రెండున్నర కిలోలు. దాదాపు అంతా నీరే. మూత్రం రాని ఒంట్లో తాగిన ప్రతి గుక్కా నిలవుండిపోతుంది. పాదాలు ఉబ్బుతాయి, ముఖం ఉబ్బుతుంది, ఊపిరితిత్తుల్లో చేరితే పడుకోనివ్వదు. అందుకే రోజుకు ముప్పావు లీటరో, లీటరో అని కొలిచి చెబుతారు. మజ్జిగా, చారూ, మాత్ర మింగే గుక్కెడు నీళ్లూ అన్నీ అందులోకే వస్తాయి. శ్రీకాకుళం ఎండలో ఆ లెక్క పాటించడం ఏ ఉపవాసానికీ తీసిపోదు.

పిన్ని మంచం ఎక్కింది. వెనక గోడ లోంచి శుద్ధి చేసిన నీళ్ల పైపు మిషన్‌లోకి వెళ్తోంది. నిమిషానికి అర లీటరు చొప్పున, నాలుగు గంటలకు దాదాపు 120 లీటర్లు. అంత నీరు ఒక్క మనిషి రక్తం కడిగి కాలువలోకి పోతుంది. దాని పక్కనే పడుకున్న ఆమె నాలుక తడుపుకోవడానికి ఒక్క ఐసు ముక్క అడిగి, చప్పరిస్తూ కళ్లు మూసుకుంది.

కిటికీ బయట కొబ్బరి చెట్లు. 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను ఈ తోటల్ని నేలమట్టం చేసింది. మళ్లీ నాటినవి పెరుగుతున్నాయి. కొబ్బరి, జీడి, పనస, అరటి... ఉద్దానం బతికింది వీటి మీదే. కొబ్బరినీళ్లలో, అరటిపండులో, పనసతొనలో పొటాషియం ఉంటుంది. కిడ్నీ పనిచేస్తే అది బయటికి పోతుంది. పని చెయ్యకపోతే రక్తంలో పేరుకుని గుండెను ఆపేస్తుంది. అందుకని ఆ చెట్లు పెంచిన చేతులకే ఆ కాయ కూడదు.

"మనవడికి బొండాం కొట్టి ఇత్తాను. ఆడు తాగతంటే సూత్తాను," అంది పిన్ని, కళ్లు తెరవకుండానే. గొంతులో ఏడుపు లేదు. ఆ మాట ఎన్నోసార్లు అనుకుని అరిగిపోయినట్టుంది.

పక్క మంచం మీద రిటైరైన మాస్టారు. చొక్కా చేతిని మడిచారు. మోచేతి కింద నరం తాడులా లేచి, మెలికలు తిరిగి ఉంది. ధమనినీ సిరనీ కలిపి కుట్టే ఫిస్టులా అనే ఈ ఏర్పాటును న్యూయార్క్ వైద్యులు 1966లో లోకానికి చెప్పారు. ఇప్పటికీ దాన్ని మించింది రాలేదు. ఆయన నా చెయ్యి తీసుకుని దాని మీద పెట్టారు. చర్మం కింద తుమ్మెద ఝుమ్మన్నట్టు అదురుతోంది.

"పొద్దున లేవగానే దీన్ని చెవి దగ్గర పెట్టుకుని వింటానండి. హోరు ఉంటే సరే. ఆ తర్వాతే దేవుడికి దణ్ణం."

చేతిలో హోరు ఆగిందంటే ఫిస్టులా మూసుకుపోయిందని అర్థం. ఆ అదురుడు చూసుకోమని ప్రతి రోగికీ చెబుతారు. మాస్టారు ఆ జాగ్రత్తనే సంధ్యావందనంలో కలుపుకున్నారు.

రెండు సూదులు గుచ్చారు. ఇంజక్షన్ సూదిలాంటివి కావు, బాగా లావు. ఆయన ముఖం ఒక్కసారి బిగిసి సర్దుకుంది. ఎర్రటి గొట్టం నిండింది, పంపు చక్రం తిరగడం మొదలైంది. ఇక నాలుగు గంటలు ఆ చెయ్యి కదపకూడదు.

గది మాటలు మెల్లగా తగ్గిపోయాయి. ఒకరికి పిక్క పట్టేసింది. నర్సమ్మ వచ్చి పాదం వెనక్కి వంచి పట్టుకుంది. మరొకరికి బీపీ పడిపోతే కాళ్లు ఎత్తి పెట్టారు. మూలనున్న మంచం మీద ముప్పై ఏళ్లు నిండని కుర్రాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. తోడొచ్చిన భార్య స్టూలు మీద కూర్చుంది. ఇవాళ ఆమె కూలి పోయింది. వారానికి మూడు రోజులు పోతోంది. అతను ఆమెతో మాట్లాడడు. నర్సమ్మ పలకరిస్తే "బాగానే ఉన్నాను" అంటాడు.

ఆ మాట నమ్మకూడదు. డయాలసిస్ మీద ఉన్నవాళ్లలో ఇంచుమించు నాలుగో వంతు మందికి వైద్యం చెయ్యవలసిన డిప్రెషన్ ఉంటుందని చాలా దేశాల పరిశోధనలు కలిపి చూసినవాళ్లు తేల్చారు. దాన్ని పట్టుకోవడం కష్టం. నిద్ర పట్టకపోవడం, ఆకలి చావడం, నీరసం, దేనిమీదా మనసు లేకపోవడం... ఇవన్నీ కిడ్నీ జబ్బుకూ ఉంటాయి, మనసు జబ్బుకూ ఉంటాయి. ఫైలులో క్రియాటినిన్ ఎంతో ఉంటుంది, పొటాషియం ఎంతో ఉంటుంది. ఈ కుర్రాడు రాత్రి ఎన్ని గంటలు పైకప్పు చూస్తూ గడిపాడో ఎక్కడా ఉండదు. తాను ఇంటికి బరువైపోయానన్న ఆలోచన ఏ రక్తపరీక్షలోనూ తేలదు.

మూడో గంటలో పిన్ని మళ్లీ మాట్లాడింది. కడుపులో చాన్నాళ్లుగా ఉన్న మాటే.

"నానేటి పాపం సేసినానని తిరిగి తిరిగి అనుకున్నాను బాబూ. మా ఆడపడుసు మొకం మీదే అంది, పోయిన జనమలో ఏదో సేసుంటావని. మా ఈదిలో సూడు. ఎదురింటాయన, పక్కింటి అక్క, మా మరిది. అందరికీ ఇదే గదా. ఈది ఈదంతా కలిసి పాపం సేసిందేటి?"

ఇంత సూటిగా ఎవరూ అడగలేదు. ఉద్దానంలో ఇంతమందికి కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో రెండు దశాబ్దాలకు పైగా కారణం వెతుకుతున్నారు. నీళ్లన్నారు, నేలలోని ఖనిజాలన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో కష్టమన్నారు. ఇదొక్కటే అని ఇప్పటికీ తేలలేదు. శ్రీలంక వరి రైతులనూ, నికరాగువా చెరకు కూలీలనూ ఇలాంటి జబ్బే తింటోంది. వాళ్లందరినీ కలిపే పూర్వజన్మ ఏదీ లేదు. ఎండలో వంగి పనిచేసిన నడుములున్నాయి. శ్రీరామకృష్ణులు 1886లో గొంతు క్యాన్సర్‌తో పోయారు. రమణ మహర్షి 1950లో చేతికి వచ్చిన సార్కోమాతో పోయారు. వాళ్లను పాపులన్నవాడు లేడు. మరి జీడిగింజలు ఒలిచి పిల్లల్ని పెంచిన ఈ మనిషిని ఆ మాట అనడానికి నోరెలా వస్తుంది?

పిన్నికి దేవుడంటే కోపం లేదు. ఆమెకు డయాలసిస్ సోమ, బుధ, శుక్రవారాల్లో. ఆదివారం ఖాళీ. ఆరోగ్యం ఇచ్చే దేవుడని జనం కొలిచే అరసవల్లి సూర్యనారాయణమూర్తికీ ఆదివారమే మొక్కులు. వీలున్నప్పుడల్లా వెళ్తుంది. శుక్రవారం దాటాక రెండు రోజుల ఎడం, వారం మొత్తంలో ప్రమాదం ఎక్కువ ఉండేది అప్పుడే. తీర్థం ఉద్ధరిణెడు పుచ్చుకుని, ఆ రోజు నీళ్లలో అంత తగ్గించుకుంటుంది. ప్రసాదం వేలికొసతో కళ్లకద్దుకుని పక్కవాళ్లకిస్తుంది.

"తగ్గించమని అడగడం మానీసినాను. మళ్లీ సోమారం మంచమెక్కే దైర్నం ఇమ్మంటాను."

ఇది ఓటమి కాదని నేను గట్టిగా నమ్ముతాను. జబ్బు తగ్గితేనే దేవుడున్నట్టు అనుకున్నవాళ్లు రెండుసార్లు కూలిపోవడం చూస్తాం, ఒకసారి ఒంట్లో, ఒకసారి గుడిలో. తగ్గని జబ్బుతో బతకడానికి వేరే రకం భక్తి కావాలి. అది ఆమె తానే వెతుక్కుంది. అలాగని మిషన్ మానేసి వేరు కషాయం తాగమనేవాళ్లను, ఫలానా వ్రతం చేస్తే కిడ్నీ మళ్లీ మొలుస్తుందనేవాళ్లను క్షమించలేను. వరసగా కొన్నిసార్లు డయాలసిస్ తప్పితే మనిషి దక్కడు. ఆ కుర్రాడికి ఇంకా వయసుంది. కిడ్నీ మార్పిడి కోసం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించమని నర్సమ్మ భార్యకు చెబుతోంది. ఆమె ఫోన్‌లో రాసుకుంటోంది. అతను ఈసారి తల తిప్పి విన్నాడు.

పదింబావుకి మొదటి బ్యాచ్ అయిపోయింది. సూదులు తీసి దూది నొక్కిపట్టారు. రక్తం ఆగాక మళ్లీ తూకం. పిన్ని రెండు కిలోల మూడు వందలు తగ్గింది. మంచం దుప్పటి మార్చారు. తర్వాతి బ్యాచ్ వాళ్లు అప్పటికే గుమ్మంలో నిలబడి ఉన్నారు.

పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో తెరిచారు. హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి పైపుల్లో వంశధార నీళ్లు తెచ్చారు. ఇవి కావలసినవే. మనం చెయ్యగలిగింది కూడా ఒకటుంది. మీ ఇంట్లోనో, వీధిలోనో డయాలసిస్ మీద ఉన్నవాళ్లుంటే ఒక పూట పని మానుకుని ఆ నాలుగు గంటలు పక్కన కూర్చోండి. ఏం పాపమో అనకండి, ఫలానా ఆకు తినమనకండి. "బాగానే ఉన్నాను" అంటే ఇంకోసారి అడగండి. మాట మరీ తగ్గిపోయిందనిపిస్తే డాక్టరుకి చెప్పండి, లేదా మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ సేవ టెలీ మానస్‌కి ఫోన్ చెయ్యండి. నంబరు 14416. డబ్బులక్కర్లేదు, ఏ వేళైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు.