ఏరు దాటాక మల్లయ్య ఎవరు?



ఈసారి ఒకే ఒక్క సామెత గురించి రాస్తున్నాము. "ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య." కనకాలపేటలో ఈ మాట వినని ఇల్లు ఉండదు. గోదావరి పక్కన బతికేవాళ్ళం కనుక ఇది మన ఊళ్ళోనే పుట్టిందేమో అనిపిస్తుంది. కానీ ఇదే అనుభవం తమిళంలో ఉంది, టర్కీలో ఉంది, ఇటలీలో కూడా ఉంది. ఆ నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే మన సంఘానికి పనికొచ్చే విషయం ఒకటి కనబడింది. రాత కాస్త పొడుగైంది, ఓపిగ్గా చదవగలరు.

ముందు కొంచెం చరిత్ర. సామెతలు పోగుచేయడం మనుషులకు చాలా పాత అలవాటు. సుమారు 4,000 ఏళ్ళ కిందట సుమేరియాలో, అంటే నేటి ఇరాక్ ప్రాంతంలో, బడిపిల్లలు సామెతలను మట్టిపలకల మీద రాసి నేర్చుకునేవారు. ఆ పలకలు తవ్వకాల్లో దొరికాయి. తమిళంలో 'పళమొళి నానూరు' అనే ప్రాచీన గ్రంథం ఉంది. నాలుగు వందల పద్యాలు, ప్రతి పద్యంలోనూ ఒక సామెత. మేము చదివింది తమిళ మీడియం కనుక ఆ పేరు బడిలోనే విన్నాము. పళమొళి అంటే పాత మాట. మన 'సామెత' మాత్రం సామ్యత, అంటే పోలిక, అనే మాట నుంచి వచ్చిందని చెబుతారు. తమిళులు ఆ మాట వయసు చూసి పేరు పెట్టారు, మనవాళ్ళు అది చేసే పని చూసి పెట్టారు.

ఐరోపాలో ఎరాస్మస్ అనే పండితుడు 1500లో పారిస్‌లో సుమారు ఎనిమిది వందల గ్రీకు, లాటిన్ సామెతలు, నానుడులు అచ్చువేశాడు. 1536లో ఆయన పోయేనాటికి ఆ పుస్తకం పెరిగి పెరిగి నాలుగు వేలు దాటింది. మన వైపు పీటర్ పెర్సివల్ అనే మిషనరీ 1842లో జాఫ్నాలో తమిళ సామెతల పుస్తకం తెచ్చాడు. తెలుగుకు ఆ పని చేసినవాడు కెప్టెన్ ఎం. డబ్ల్యు. కార్ అనే సైనికాధికారి. ఆయన 'ఆంధ్రలోకోక్తి చంద్రిక' 1868లో మద్రాసులో అచ్చయింది. సామెత తెలుగులో, దాని అర్థం ఇంగ్లీషులో ఇచ్చాడు. శిస్తు వసూలు చేయాలన్నా, కోర్టులో సాక్షి చెప్పేది తలకెక్కాలన్నా దొరలకు జనం నోటి మాట తెలియాలి కదా. వాళ్ళ అవసరం ఏదైనా, మన తాతల మాటలు కొన్ని వేలు కాగితం మీద నిలిచాయి.

ఇక మన మల్లయ్య దగ్గరికి వద్దాం. పడవలో కూర్చున్నంతసేపూ "మల్లయ్యా, నీదే భారం" అంటారు. ఒడ్డున కాలు పెట్టగానే "ఎవడా బోడి మల్లయ్య" అంటారు. మల్లయ్య అంటే పడవ నడిపేవాడనే ఎక్కువమంది అనుకుంటాము. మల్లన్న శివుడి పేరు కూడా కనుక, ఏటి మధ్యలో మొక్కుకుని ఒడ్డు చేరాక ఎగ్గొట్టిన మొక్కు అని కూడా అర్థం తీయవచ్చు.

తమిళంలో దీన్ని "ఆరు కడక్కిర వరైయిల్ అణ్ణన్ తంబి, ఆరు కడందాల్ నీ యార్, నాన్ యార్" అంటారు. ఏరు దాటేవరకు అన్నదమ్ములం, దాటాక నువ్వెవరు, నేనెవరు అని. ఇందులో పడవవాడు లేడు. కలిసి ప్రయాణం చేసిన ఇద్దరే ఉన్నారు. రైల్వేలో గుమాస్తాగా పనిచేసిన మాకు ఇది బాగా తెలుసు. జనరల్ పెట్టెలో రాత్రంతా భుజం మీద భుజం వేసుకుని నిద్రపోయినవాళ్ళు, తెల్లారి స్టేషన్లో దిగాక ఒకరి మొహం ఒకరు చూసుకోరు.

టర్కీవాళ్ళు "వంతెన దాటేదాకా ఎలుగుబంటిని మావయ్యా అని పిలు" అంటారు. ఇటలీవాళ్ళది "గండం గడిచింది, పునీతుడికి టోపీ పడింది" అనే అర్థం వచ్చే మాట. సముద్రంలో తుఫాను వస్తే ఓడవాళ్ళు పునీతుడికి మొక్కుకుంటారు, గాలి తగ్గగానే మరిచిపోతారు. మన యానాన్ని ఏలిన ఫ్రెంచివాళ్ళకూ ఈ మాట తెలుసు. వాళ్ళ రచయిత రాబ్లే 1552 నాటి పుస్తకంలో తుఫాను ఘట్టం చెబుతూ దీన్ని ఇటలీ భాషలోనే వాడాడు.

నాలుగూ ఒకటే చెబుతున్నాయని పైకి అనిపిస్తుంది. కానీ ఎవరి పక్కన నిలబడి చెబుతున్నాయో చూడండి. టర్కీ మాట దాటేవాడికి సలహా: పని అయ్యేదాకా పొగుడు, తర్వాత నీ ఇష్టం. అక్కడ అవతలివాడు ఎలుగుబంటి, వాడికి మనం బాకీ లేము. ఇటలీ మాట మనిషి బుద్ధి చూసి నవ్వుకుంటుంది. తమిళ మాటలో తోటి ప్రయాణికుడి నొప్పి ఉంది. మన తెలుగు మాట మాత్రం మల్లయ్య పేరు పెట్టి చెబుతుంది. పేరు అదే, ముందు తగిలించిన 'ఓడ' పోయి 'బోడి' వచ్చింది. మల్లయ్య మారలేదు, దాటినవాడి నోరు మారింది.

అందుకే లోకంలోని సామెతలన్నీ ఒకచోట చేర్చి "ఇదిగో జ్ఞానం" అంటే చాలదని మేము అనుకుంటాము. ఎవరు, ఎవరితో, ఏ పని కోసం అంటున్నారో కూడా చూడాలి. "ఆలస్యం అమృతం విషం" మనదే, "నిదానమే ప్రధానం" కూడా మనదే. ఏ గడియకు ఏది తీయాలో తెలిసినవాడి దగ్గరే తెలివి ఉంది.

ఏటి మీద మనకు ఇంకో మాట ఉంది: "ఏరు దాటి తెప్ప తగలేసినట్టు." బుద్ధుడు కూడా తెప్ప కథ ఒకటి చెప్పాడు. తెప్ప మీద ఏరు దాటినవాడు, మేలు చేసింది కదా అని దాన్ని నెత్తిన పెట్టుకుని నడవక్కర్లేదు, ఒడ్డున పెట్టో నీళ్ళలో వదిలో వెళ్ళవచ్చు అని. మన కోనసీమలో ఆదుర్రు దగ్గర బౌద్ధ స్తూపం ఉంది, అంటే ఆ కథ చెప్పుకున్నవాళ్ళు ఈ ఏళ్ళు దాటే ఉంటారు. రెండు మాటలకూ పొత్తు కుదురుతుంది. తెప్పను జీవితమంతా మోయమని ఎవరూ అనలేదు. తగలేయవద్దని మాత్రమే అన్నారు. ఒడ్డున ఉంచితే వెనక వచ్చేవాడికి పనికొస్తుంది.

ఇప్పుడు మన సంగతి. ఎదుర్లంక వంతెన వచ్చాక మన పిల్లలకు పంటు అంటే ఏమిటో తెలియదు. అంతకు ముందు పెళ్ళివారైనా, రోగి అయినా, కొబ్బరికాయల బస్తా అయినా పంటు మీదో పడవ మీదో దాటాల్సిందే. 1996 నవంబరు తుఫానులో కోనసీమ కొబ్బరితోటలు నేలకొరిగినప్పుడు కూడా ఈ రేవుకు వంతెన లేదు. మన సంఘం హాలు కట్టినప్పుడు ఇసుక, ఇటుక కూలి తీసుకోకుండా పడవల మీద చేర్చిన కుటుంబాలు ఎవరో పెద్దలందరికీ తెలుసు.

మూడేళ్ళు చందా కట్టనివారి పేర్లు రిజిస్టరు నుంచి తీసేయాలని వచ్చే సమావేశంలో తీర్మానం పెడుతున్నారు. లెక్కల పని చేసినవాళ్ళం, చందా లేకుండా సంఘం నడవదని మాకూ తెలుసు. అయితే ఆ జాబితాలో నాలుగు పేర్లు ఆ పడవల ఇళ్ళవే. రేవు మూతపడ్డాక వాళ్ళ రాబడి ఏమైందో ఎవరమైనా అడిగామా? బాకీ పద్దు రాసేటప్పుడు ఆ ఇసుక, ఇటుక విలువ ఏ పేజీలో రాశాము?

మా సూచన ఇదీ. ఆ నాలుగు కుటుంబాలనూ చందా లేని శాశ్వత సభ్యులుగా రాసుకుందాం. అది దయ కింద లెక్క కాదు, పాత బాకీ తీర్చడం. మిగతావారి విషయం సమావేశం ఎలా నిర్ణయిస్తే అలా కానివ్వండి.

"సామెత లేని మాట, ఆమెత లేని ఇల్లు" అన్నారు. ఆమెత అంటే విందు. మీ ఇళ్ళలో పెద్దవాళ్ళు ఏరు, పడవ, రేవు మీద చెప్పే మాటలు ఇంకా ఉంటే కింద రాయండి. చెప్పినవారు ఎవరో, ఏ సందర్భంలో అనేవారో కూడా రాయడం మరవకండి.