ఫిడ్లర్ పీతలు పెంచుతున్నారా? మంచినీళ్లు పోస్తే బతకవు!

ఖమ్మం వైపు ఎండ్రకాయ అంటే పొలం గట్లలో, మంచినీళ్లలో బతికేది. ఫిడ్లర్ పీత అలా కాదు. భద్రాచలం మీదుగా పారే గోదావరి సముద్రంలో కలిసే చోట, కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవుల ఉప్పు బురదలో ఉంటుంది. మంచినీళ్ల అక్వేరియంలో వేస్తే నీరసించి చనిపోతుంది.

ఇంట్లో పెంచాలంటే..

• నల్లా నీళ్లలో క్లోరిన్ పోగొట్టి, మెరైన్ సాల్ట్ కలపాలి. వంట ఉప్పు పనికిరాదు.
• నీళ్ల పక్కనే ఎక్కి కూర్చునేలా ఇసుక గట్టు ఉండాలి.
• వేడి 24-28 డిగ్రీలు చాలు. మూత పెట్టకపోతే పాకి పారిపోతుంది.
• పాత పెంకు విడిచి కదలకుండా ఉంటే చనిపోయిందని పారేయొద్దు. ఆ పెంకూ తీయొద్దు, కాల్షియం కోసం తింటుంది.

కోరింగ అభయారణ్యం. అక్కడి పీతలు పట్టి తేవడం నేరం.